మూత ఉన్న పెట్టె, హుండీ లేని గుడి

రాజేంద్రనగర్ నుంచి అప్పా జంక్షన్ మీదుగా చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లినవాళ్లకు అక్కడ ఎంత వెతికినా కనిపించనిది హుండీ. టికెట్ లేదు, వీఐపీ దర్శనమూ లేదు. వీసా కోసమో ఉద్యోగం కోసమో వచ్చినవాళ్లు మొక్కుకుని 11 ప్రదక్షిణలు చేస్తారు, కోరిక తీరాక వచ్చి 108 చేస్తారు. లెక్క తప్పకుండా అంకెల గళ్లున్న చీటీ ఒకటి చేతిలో పట్టుకుని, చుట్టుకో గడి పెన్నుతో కొట్టేస్తూ నడుస్తారు. మొక్కు తీరేది కాళ్ల నొప్పులతోనే.

మరి అసలు గుళ్లలోకి హుండీ పెట్టె ఎలా వచ్చింది? బైబిల్లో రాజుల రెండవ గ్రంథం చెప్పే కథ ఒకటుంది. క్రీ.పూ. 9వ శతాబ్దంలో యూదాను ఏలిన యోవాషు, యెరూషలేము మందిరానికి వచ్చే వెండితో మరమ్మతులు చేయించండని యాజకులకు చెప్పాడు. ఆయన ఏలుబడి 23వ ఏటికి వచ్చినా బీటలు బీటలుగానే ఉన్నాయి. వెండి ఏమైందో గ్రంథం విప్పి చెప్పదు, చెప్పనక్కర్లేదు కూడా. అప్పుడు ప్రధాన యాజకుడు యెహోయాదా ఒక పెట్టె మూతకు కన్నం పెట్టించి, బలిపీఠం పక్కన కుడివైపు ఉంచాడు. వెండి నిండాక ప్రధాన యాజకుడూ, రాజుగారి లేఖకుడూ కలిసి లెక్కచూసి సంచుల్లో కట్టేవారు. ఒక్కరికే అప్పగించకపోవడంలోనే ఉంది కిటుకంతా. నాణేలు ఇంకా రాని కాలం కాబట్టి వెండి తూకమే లెక్క. అది వడ్రంగులకూ తాపీవాళ్లకూ కూలిగా పోయేది. పాపపరిహార బలుల సొమ్ము మాత్రం యాజకులకే మిగిలింది. వాళ్ల పొట్ట కొట్టలేదన్నమాట.

తర్వాత క్రీ.పూ. 622 ప్రాంతంలో యోషీయా రాజు ఆ సొమ్ము లెక్క తేల్చమని లేఖకుడు షాఫానును పంపితే, ప్రధాన యాజకుడు హిల్కీయా మందిరంలో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథాన్ని అతని చేతికిచ్చాడు. దాంతో ఊరూరా ఉన్న పూజాస్థలాలు కూలాయి, ఆరాధన యెరూషలేముకే పరిమితమైంది.

మన దగ్గరా గుడి సొమ్ము మీద పాలకుల కన్ను కొత్తది కాదు. గుళ్ల ఆస్తుల అజమాయిషీకి మద్రాసు ప్రభుత్వం 1817లో ఏడో రెగ్యులేషన్ తెచ్చింది. తిరుమల పాలనకు 1821లో బ్రూస్ కోడ్ వచ్చింది. 1843లో పెత్తనం హథీరాంజీ మఠం మహంతులకు, 1933లో దేవస్థానం కమిటీకి వెళ్లింది. తిరుమల హుండీ సొమ్ము లెక్కించే పరకామణిలో నోట్లు లెక్కపెట్టేవాళ్లు చొక్కా లేకుండా పంచెతో కూర్చుంటారంటే, యెహోయాదా అనుమానం ఇంకా బతికే ఉందన్నమాట! గుళ్ల పాలన మీద వేసిన జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ తర్వాత వచ్చిన 1987 దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కులు తీసేసింది. దాని మీద పోరాడినవారిలో చిలుకూరు అర్చకులు ఎం.వి. సౌందరరాజన్ ఒకరు. 2007 సవరణతో అర్చకులకు కొంత ఊరట దొరికింది. నా మటుకు చిలుకూరు జవాబు అన్నిటికంటే తెలివైనది. పెట్టే లేకపోతే తాళం ఎవరి దగ్గరుండాలన్న తగాదాకు తావేదీ?

సంస్కరణ డబ్బుతో ఆగలేదు. 2018 ఏప్రిల్‌లో జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి చిలుకూరు అర్చకులు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లారు. అంటరానివాడని దూరం పెట్టిన భక్తకవి తిరుప్పాణాళ్వారును అర్చకుడు లోకసారంగముని భుజాల మీద గుడిలోకి మోసిన శ్రీరంగం కథకు అది కొనసాగింపు. కులాల గోడల్ని తోసిన రామానుజులకు శంషాబాద్ దగ్గర ముచ్చింతల్‌లో 2022లో 216 అడుగుల విగ్రహం వెలిసింది. అక్కడ మాత్రం లోపలికి వెళ్లాలంటే టికెట్ కొనాలి.