భుక్తాయాసం: నవ్వులాట కాని కథ

భుక్తాయాసం అన్న మాటని మనం ఎక్కువగా నవ్వుకోడానికే వాడతాం. పెళ్లిభోజనం చేసి అరుగు మీద వాలిపోయినవాడు గుర్తొస్తాడు. కానీ భద్రాచలం అడవి అంచు ఊళ్లో డెబ్భై దాటిన ముసలాయన, అన్నం తిని చెయ్యి కడుక్కోడానికి లేచి తూలి పడితే అది నవ్వులాట కాదు. ఖమ్మం ఎండలు తెలిసినవాళ్లం కాబట్టి ‘వడదెబ్బ’ అనో ‘నీరసం’ అనో సర్దిచెప్పుకుంటాం. తిన్న రెండు గంటల్లోపు పై బీపీ 20 పాయింట్లు, అంతకంటే ఎక్కువ పడిపోతే వైద్యులు దాన్ని విడిగా ఒక సమస్యగానే లెక్కిస్తారు.

దీని మూలాలు 1902 నాటి లండన్‌లో ఉన్నాయి. బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఒక కుక్క చిన్నపేగు ముక్కకి నాడులు తెంచేసి, అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమం రసం ఊరింది. అప్పటిదాకా పావ్లోవ్ బృందం ఇదంతా నాడుల పనే అనుకుంది. కబురు రక్తంలో వెళ్తోందని తేలింది. ఆ కబురుకి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ ‘హార్మోన్’ అన్న మాటని లోకానికిచ్చాడు. అంటే ఆ మాట పుట్టుకకి దారి తీసింది పేగే!

తిన్నాక పేగులకి రక్తం ఎక్కువగా పోతుంది. వయసులో ఉన్నవాళ్లకి గుండె వేగం పెంచుకుని, మిగతా రక్తనాళాలు బిగుసుకుని లెక్క సరిచేస్తాయి. ముసలితనంలో, పార్కిన్సన్స్‌లో, ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లలో ఈ సర్దుబాటు దెబ్బతినొచ్చు. 1977లో ఒక పార్కిన్సన్స్ రోగిలో దీన్ని గుర్తించి రాశారు. 1983లో లిప్సిట్జ్ బృందం బోస్టన్ వృద్ధుల్లో చూపించింది.

మరి పేగుల గేట్లు ఎత్తేది నాడులా, హార్మోన్లా? మళ్లీ 1902 నాటి ప్రశ్నే. 1980ల మధ్యలో పేగు హార్మోన్లని అణిచే ఆక్ట్రియోటైడ్ ఇచ్చి చూస్తే బీపీ పడిపోవడం తగ్గింది. కానీ ఆ మందు చాలా హార్మోన్లని ఒకేసారి ఆపేస్తుంది. మెయిన్ ఆపేస్తే లైటు ఆరుతుంది గానీ, ఏ స్విచ్చిదో తెలీదు కదా! న్యూరోటెన్సిన్ మీద అనుమానాలొచ్చాయి. జీఎల్‌పీ-1 మాత్రం కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేసి మేలే చేస్తుందని చిన్న ప్రయోగాల్లో కనిపించింది. చక్కెర పేగులోకి ఎంత వేగంగా దిగితే బీపీ అంతగా పడుతుంది.

అదే 1983లో ఇక్కడ ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. గటక, అంబలి తాగిన ఇళ్లలోకి తెల్లన్నం సులువుగా వచ్చింది. ఆకలి తీర్చిన బియ్యాన్ని తప్పుపట్టలేం. అయితే ఒక్కపూటే పళ్లెం నిండా పెట్టే బదులు కొంచెం కొంచెంగా పెట్టడం, తినే ముందు ఒకటి రెండు గ్లాసుల నీళ్లు తాగించడం (గుండె, కిడ్నీ జబ్బుతో నీళ్లకి కట్టడి లేకపోతే), తిన్నాక కాసేపు కూర్చోబెట్టడం మన చేతిలో పనే.

మన క్యాంపుల్లో బీపీ చూసేది ఎక్కువగా పొద్దున పూట. అప్పుడు అంకె బాగానే ఉంటుంది, బీపీ మాత్ర కొనసాగుతుంది. ఆ మాత్ర సొంతంగా ఆపకండి. తిన్న గంటకి ఇంకోసారి బీపీ చూసి, ఆ అంకెని డాక్టరుకి చూపించండి. ఆ పెద్దాయన ఎందుకు పడ్డాడో అక్కడ దొరకొచ్చు.