ఉపదేశి బడి, సెటిల్మెంట్ బడి

"మిషన్ వాళ్ళు రాకపోతే మనకు చదువే లేదు" అని కొందరంటారు. "మతం మార్చడానికే బడులు పెట్టారు" అని మరికొందరంటారు. మన బడుల్లో ఈ రెండు మాటలూ వినే పిల్లలున్నారు. కర్నూలు, కడప ప్రాంతపు చర్చి చరిత్రను మన తెగల చరిత్ర పక్కన పెట్టి చదివితే, రెండూ సగం నిజాలేనని తెలుస్తుంది.

లండన్ మిషన్ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. చాలా ఏళ్ళు విశ్వాసులు కొద్దిమందే. 1850ల నుంచి మాలపల్లెల పెద్దలు తామే కబురు పెట్టి, మా పల్లెకు బోధకుణ్ణి పంపండని అడగసాగారు. ఆంగ్లికన్ల ఎస్.పి.జి. మిషన్ ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడులో స్థిరపడింది. కర్నూలుకు అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు.

పల్లెలో కాపురముండి పనిచేసింది దొర కాదు, ఉపదేశి. అతను తెలుగువాడే, చాలాసార్లు అదే కులంవాడు. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు, రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దలతో ప్రార్థన చేయించేవాడు. ఊరి బడి గడప తొక్కనివ్వని పిల్లలకు అదే మొదటి బడి.

1876-78 కరువు రాయలసీమను పీల్చేసింది. అప్పుడు ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమందికి కూలి చూపించాడు. అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉన్న కంభం, మార్కాపురం పల్లెల్లోనూ ఆయన మిషన్ పనిచేసేది. బాప్తిస్మం అడిగినవాళ్ళను కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఆగమన్నాడు. గంజి కోసం చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సాయం ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మన ఎరుకలవాళ్ళ దగ్గరకు ఇదే మతం వేరే దారిలో వచ్చింది. మనవాళ్ళు కోస్తా నుంచి ఉప్పు తెచ్చి, సీమలో ధాన్యానికి మార్చుకుంటూ పశువుల మీద సరుకు మోసిన వర్తకులు. సర్కారు ఉప్పు చట్టాలు, రైళ్ళు ఆ బతుకును దెబ్బతీశాయి. ఊరూరా తిరిగేవాళ్ళంతా దొంగలేనని పోలీసులు రాసుకున్నారు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. సర్కారు ఎరుకల కుటుంబాలను సెటిల్మెంట్లలో పెట్టి, కొన్నింటిని మిషన్ల చేతికిచ్చింది. స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ కిందకు, కావలి అమెరికన్ బాప్టిస్టుల కిందకు వెళ్ళాయి.

అక్కడా బడి ఉంది, ప్రార్థన ఉంది. చదువుకుని పైకొచ్చినవాళ్ళూ ఉన్నారు. కాని హాజరు పట్టీ కూడా ఉంది. చీటీ లేకుండా పొరుగూరికి పోతే నేరం. మాలపల్లె పెద్ద "మాకు బోధకుడు వద్దు" అనగలడు. సెటిల్మెంట్‌లోని ఎరుకల తండ్రి ఆ మాట అనలేడు. కాదనే వీలు లేనిచోట అవునన్న మాటను విశ్వాసం అనగలమా? రమ్మని పిలవడమే తప్ప కాపలా పెట్టడం యేసు చేసిన పని కాదు. ఈ ప్రశ్న ముందుగా క్రైస్తవులే వేసుకోవాలి.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అనుమానం మాత్రం ఇంకా పోలేదు.

ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఇంకొకటుంది. షెడ్యూల్డ్ తెగల హోదాకు మతంతో ముడి లేదు. 1950 నాటి ఉత్తర్వులో అలాంటి షరతు లేదు. చర్చికి వెళ్ళినా, పెద్దమ్మ గుడికి వెళ్ళినా, ఎక్కడికీ వెళ్ళకపోయినా మన పిల్లలు గిరిజనులే. కాబట్టి విశ్వాసం విషయంలో భయపడి తేల్చుకోవాల్సిన పని లేదు.

మీ ఊళ్ళో మొదటి బడి ఎవరు పెట్టారు, మీ తాతలు దాన్ని అడిగి తెచ్చుకున్నారా, లేక వాళ్ళనే అక్కడికి పట్టుకుపోయారా? ముసలివాళ్ళు ఉండగానే అడిగి నోటుబుక్కులో రాసి పెట్టండి.