గుంటూరు గ్రహణమునుండి ఇంటి గణనయంత్రము వరకు

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ ఉదయమున గుంటూరు పట్టణమును పట్టపగలే చీకటి కమ్మినది. అది సంపూర్ణ సూర్యగ్రహణము. అప్పటికి గుంటూరు ప్రత్యేక జిల్లా కాదు. 1859లో కృష్ణా జిల్లాలో కలిసిపోయిన ఆ ప్రాంతము 1904లో గాని మరల వేరుపడలేదు. అట్టి గుంటూరునకు ఫ్రాన్సు దేశమునుండి జూల్ జాన్సెన్, ఆంగ్లేయుల పక్షమున మేజర్ టెన్నెంట్ దూరదర్శినులతో వచ్చి వేచియున్నారు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్టణమున నిలిచినాడు. ఆ వేధశాలలోనే పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచారి నిజాము రాజ్యములోని వనపర్తికి వెళ్ళినాడు. దక్కనులోని జంఖండిలో లెఫ్టినెంట్ హెర్షెల్ కాచుకొనియున్నాడు. అందరును చూడవచ్చినది ఒకే ఛాయను. నిలిచిన చోట్లు మాత్రము వేరు.

సూర్యుని అంచున ఎగయు జ్వాలల కాంతిని జాన్సెన్ వర్ణపటదర్శినితో పరిశీలించి, అందు మెరయు రేఖలను కనుగొన్నాడు. ఆ రేఖల ప్రకాశమును చూచి, గ్రహణము లేనప్పుడును వీటిని చూడవచ్చునని తలచి, మరునాడే గుంటూరులో చూచి నిరూపించినాడు. రెండు నెలల తరువాత ఇంగ్లండులో నార్మన్ లాకియర్, జాన్సెన్ పని సంగతి తెలియకయే, అదే పద్ధతిని సాధించినాడు. ఇరువురి వార్తలును పారిస్ అకాడమీకి ఒకే దినమున, అక్టోబరు 26న చేరినవి. అకాడమీ ఇరువురి ముఖములతో ఒకే పతకమును వేయించినది. హీలియము గుంటూరులో దొరికినదని మనవారు చెప్పుకొనుట కలదు. అది కొంతవరకే సత్యము. జ్వాలలలోని పసుపు రేఖ సోడియమునకు చెందినది కాదని తేల్చి, ఆ పదార్థమునకు పేరుపెట్టినవాడు లాకియర్. భూమిమీద దానిని 1895లో పట్టియిచ్చినవాడు రామ్సే. కావున ఆ కీర్తి ఒక ఊరిది కాదు, ఒక మనిషిది కాదు. ఒకరి చూపును మరియొకరి చూపు బలపరచుటవలన అది జ్ఞానమైనది.

చూచు పని యిట్లుండగా, లెక్కించు పని మాటయేమి? భారత వాతావరణ శాఖకు 1904 మొదలు 1924 వరకు అధిపతిగానుండిన గిల్బర్ట్ వాకర్, ఋతుపవనముల రాకపోకలకు ప్రపంచములోని వాతావరణముతో గల సంబంధమును వెదకినాడు. దానికి కావలసిన అపారమైన గణితమును కార్యాలయములోని భారతీయ గుమాస్తాలకు పంచియిచ్చినాడు. వారు కాగితముమీద కూడి, గుణించి, సరిచూచి యిచ్చిన అంకెలనుండియే పసిఫిక్, హిందూ మహాసముద్రముల నడుమ గాలి ఒత్తిడి ఊగిసలాడునను సత్యము బయటపడినది. ప్రత్తి, మిరప వేసి మబ్బువైపు చూచు గుంటూరు, ఒంగోలు ప్రాంతముల రైతునకు ఆ గుమాస్తాల పేర్లు తెలియవు. కాని వారి లెక్క ఈనాటి ఋతుపవన శాస్త్రమునకు పునాది.

ఈ పద్ధతియే 1999లో కొత్త రూపము దాల్చినది. ఆ సంవత్సరము మే 17న అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారు సెటీ ఎట్ హోమ్ అను పథకమును ప్రారంభించినారు. అరెసిబో రేడియో దూరదర్శిని ఆకాశమునుండి పట్టిన ధ్వనులలో బుద్ధిజీవులు పంపిన సంకేతమేదైన ఉన్నదేమోయని వెదకుట దాని ఆశయము. ఆకాశవాణి అను మాటను దినదినము పలుకు మావంటివారికి ఇది ముచ్చట గొలుపు పని. లెక్క కొండంత, విశ్వవిద్యాలయములోని యంత్రములు కొద్ది. అందుచేత వారు ఆ ముద్రణను 107 సెకనుల తునకలుగా కోసి, లోకములోని ఇండ్లకు పంపినారు. యజమాని పని ముగించి లేచిపోయిన తరువాత ఊరక కూర్చుండు కంప్యూటరు ఆ తునకను లెక్కించి ఫలితమును తిరిగి పంపును. ఇట్లు పాలుపంచుకొన్నవారు 50 లక్షలకు పైబడినారు.

మన ప్రాంతమున పత్తితీతను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. కూలీలు తలకొక సాలు పట్టుకొందురు. ఏ ఒక్కరును పొలమంతయు తీయరు. సాయంకాలము కాటా దగ్గర గాని మొత్తము తెలియదు. అచ్చట కాటా చేయు పనిని ఇచ్చట పోలిక చేయును. ఎరుగని మనిషి ఇంటిలోని యంత్రము తప్పు చేసినదో, ఒప్పు చేసినదో తెలియుట కష్టము. కావున ఒకే తునకను ఒకరినొకరు ఎరుగని ఇద్దరికి పంపుదురు. రెండు ఫలితములును సరిపోయిననే స్వీకరింతురు. 2010లో ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అను పథకము, సెకనుకు సుమారు 41 మారులు తిరుగు ఒక పల్సర్ నక్షత్రమును కనుగొన్నది. దానిని పట్టిన యంత్రములలో ఒకటి అమెరికాలోని అయోవా రాష్ట్రపు దంపతులది, మరియొకటి జర్మనీలోని మైంజ్ నగరవాసిది. జాన్సెన్, లాకియర్‌ల కథ మరల జరిగినట్లే గదా!

2003లో ఆరంభమైన క్లైమేట్ ప్రెడిక్షన్ పథకము వాతావరణ నమూనాలను వేలాది ఇండ్లలో నడిపి, బొగ్గుపులుసు వాయువు రెట్టింపైనచో భూతాపము 2 డిగ్రీలకు లోపునుండి 11 డిగ్రీలకు పైవరకు పెరుగు నమూనాలు కలవని 2005లో ప్రకటించినది. 2020లో కోవిడ్ కాలమున ఫోల్డింగ్ ఎట్ హోమ్ పథకములోని యంత్రముల సమష్టి వేగము, సెకనుకు ఒకటి ప్రక్కన 18 సున్నలుంచినన్ని లెక్కలను మించినది.

ఇంతటి సేనలో పాత యంత్రములకు చోటెంత? ఇదియే నేటి సమస్య. కంప్యూటరు ముసలిదగుట ఎద్దు ముసలిదగుట వంటిది కాదు. రెండును రెండు కలిపి నాలుగనుట అది మరువదు. దానిని నడుపు నిర్వహణ వ్యవస్థకు పోషణ నిలిచిపోవును. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ పోషణ ముగిసినది. విండోస్ 11 కోరు భద్రతా ఉపకరణము, నిర్ణీత తరమునకు చెందిన ప్రాసెసరు లేవను కారణమున, చక్కగా పనిచేయు యంత్రములు ఎన్నియో వాకిట నిలిచిపోయినవి. 2021 సెప్టెంబరు 30న ఒక మూల ప్రమాణపత్రపు గడువు తీరినపుడు, కొత్త పత్రములు చేరని పాత యంత్రములు అనేక స్థానములతో సురక్షిత సంబంధము పెట్టుకొనలేకపోయినవి. లెక్క చేయగలవు, చేసిన లెక్కను అప్పగించుటకు తలుపు తెరువబడదు.

దీనికి మందు లేకపోలేదు. ఈ పథకములలో పెక్కింటిని నడుపు బోయింక్ అను సాధనము మూలముతోసహా అందరికిని బహిరంగము. తమ యంత్రమునకు తగిన ప్రోగ్రాము లేనిచో, ప్రోగ్రాము మూలమును వెల్లడించిన పథకములలో, నేర్పుగలవారు దానిని తామే కూర్చుకొని పాల్గొనుటకు అందు వీలు కల్పించినారు. లినక్స్ వ్యవస్థలు వ్యాపారి విడిచిన యంత్రములకు మరికొన్ని సంవత్సరముల ఆయువు పోయుచున్నవి. మన తెలుగునాట స్వేచ్ఛ అను సంస్థ ఆ పునాదిమీదనే తెలుగులో నడచు వ్యవస్థను రూపొందించినది. ఐనను అది అక్షయపాత్ర కాదు. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 కూడ 32 బిట్ల యంత్రములలో నూతనముగా నెలకొల్పు వసతిని విరమించినది. పోషణ అనగా ఎవరో కూర్చుండి చేయు శ్రమ. చేయువారు లేనినాడు అదియు ఆగును.

మరియొక పక్షమును కూడ వినవలెను. పాత యంత్రము అదే లెక్కకు కొత్తదానికంటె ఎక్కువ విద్యుత్తును తినును. రోహిణీకార్తె యెండలో ఒంగోలులో రేయింబవళ్ళు దానిని నడిపి, గది వేడెక్కినదని పంకాను తిప్పుట దానమా, దుబారాయా? పోషణలేని యంత్రమున బ్యాంకు లెక్కలుంచుకొని దానిని లోకమునకు తెరచియుంచుట సాహసము. ఈ సందేహములు న్యాయమైనవే.

మా తీర్పు మిరప కల్లమునుండి వచ్చినది. రంగు తప్పిన తాలు కాయలను రైతు మేలు కాయలలో కలుపడు; అట్లని పారవేయడు. వేరుచేసి, దాని ధరకు దానిని అమ్మును. పాత కంప్యూటరునకును అదియే మర్యాద. సొంత వివరములన్నియు తుడిచి, పోషణగల వ్యవస్థ నెక్కించి, చల్లని మాసములలో ఊరకయుండు వేళ దానిని విజ్ఞానమునకు ఎరువీయవచ్చును. అదియు సాధ్యపడనిచో, వలతో పొత్తులేకుండ బడిపిల్లల వ్రేళ్ళకు అక్షరముల మెట్లు నేర్పవచ్చును. ఆ పనికి దాని వయస్సు అడ్డురాదు.

సెటీ ఎట్ హోమ్ 2020 మార్చి 31న తునకలు పంపుట మానినది. ఆ సంవత్సరమే డిసెంబరు 1న అరెసిబో దూరదర్శిని కూలిపోయినది. వెదకిన సంకేతము దొరకలేదు. 50 లక్షలమంది శ్రమ వృథా అయినదా? కాలేదని మా అభిప్రాయము. ఆకాశమున కొంత మేర వెదకి లేదని తేల్చుటయు జ్ఞానమే. వెదకు పద్ధతిని ఆ పని ఇతరులకు నేర్పినది. గ్రహణము ఆరు నిమిషములైనను నిలువలేదు. కాని ఆ మరునాడు గుంటూరులో, గ్రహణము లేకయే, జాన్సెన్ చూచుచునే యుండెను.