గింజ, నేల: అన్నవాహిక క్యాన్సరు ఎట్లా పాకుతుంది?

మన హొసూరు నుంచి బెంగళూరుకు పోయే రోడ్డులోనే, ఊళ్లోకి చేరినాక కిద్వాయి క్యాన్సరు ఆసుపత్రి వస్తుంది. అది 1973 నాటిది. క్రిష్ణగిరి, డెంకణికోట పక్కల నుంచి బస్సెక్కి అక్కడికి పోయేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. అన్నవాహికలో క్యాన్సరని తేలితే ఇంటివాళ్లు అడిగే మొదటి మాట, "ఇంకో తావుకు పాకిందా?" అని. ఈ పాకడం సంగతి వైద్యులకు తెలిసిన కథే ఈ పొద్దు చెప్పుకుందాం.

1889లో లండన్ వైద్యుడు స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సరుతో చనిపోయిన 735 మంది వివరాలు తిరగేసినాడు. కాలేయానికి పాకింది 241 మందికి, ప్లీహానికి 17 మందికే. నెత్తురు రెండిటికీ పోతుంది కదా, ఇంత తేడా ఏల? గింజలు అన్ని దిక్కులా పడినా, తగిన నేలలోనే మొలుస్తాయని ఆయన జవాబు. గుండు మీద రాగులు చల్లితే పంట రాదని మన రైతులకు ఒకరు చెప్పాలా? అయినా ఈ మాట చానా ఏండ్లు మూలన పడింది. నెత్తురు ఎటు మోసుకుపోతే అటే గడ్డ లేస్తుందని అమెరికాలో జేమ్స్ యూయింగ్ వాదించినాడు. 1970ల్లో ఐజయా ఫిడ్లర్ ఎలుకల మీద చేసిన పరిశోధనలతో పేజెట్ మాట మళ్లీ నిలబడింది. నెత్తురులోకి వదిలిన క్యాన్సరు కణాల్లో నూటికి ఒకటి కూడా బతకలేదని చూపించింది కూడా ఈయనే.

అన్నవాహికకు వచ్చేది మొండి క్యాన్సరు. పేగులకు ఉండే పైపొర దీనికి లేదు. గడ్డ గోడ దాటితే పక్కనే ఊపిరిగొట్టం. లోపొర కిందనే శోషరస నాళాలు నిలువుగా పైకీ కిందికీ పోతాయి. అందుకే రొమ్ము లోపలి గడ్డకు మెడలోనో, కడుపు పక్కనో బిళ్ల కట్టవచ్చు, నడుమ ఏమీ కనబడకుండానే. పైగా ఈ గొట్టం సాగుతుంది. సంగటి ముద్ద దిగడం కష్టమయ్యేసరికే లోపల దారి చానా ఇరుకైపోయి ఉంటుంది.

1913లో న్యూయార్కులో ఫ్రాంజ్ టోరెక్ ఒకామెకు అన్నవాహిక తీసేస్తే, ఒంటి బయట పెట్టిన రబ్బరు గొట్టంతో ఆమె ఇంకా 13 ఏండ్లు బతికింది. తర్వాత జపాను వైద్యులు మెడ, రొమ్ము, కడుపు, మూడు తావుల బిళ్లలనూ తీయడం మొదలుపెట్టినారు. కోత ఒక్కటే చాలదని, ముందే మందు, రేడియేషన్ ఇచ్చి చూసినవాళ్లు నెదర్లాండ్స్ వైద్యులు. 2012లో వాళ్లు చెప్పిన లెక్క: కోత మాత్రమే అయితే సగంమంది 24 నెలలు దాటినారు, ముందు చికిత్సతో 49 నెలలు. మన దేశంలో ఎక్కువగా కనబడే పొలుసు కణాల రకానికి ఈ మేలు ఇంకా ఎక్కువ.