ఖాళీ గడి: యురేనియం లెక్కలు, పట్నం నీళ్లు, ఊరి నీళ్లు

ఖనిజాల వార్షిక ఉత్పత్తి పట్టికలు తిరగేసినవాళ్లకు ఒక సంగతి ఎరికే. సింగరేణి ఎంత బొగ్గు తవ్విందో ఏటా చెబుతుంది. 2023-24లో అది ఏడు కోట్ల టన్నులు. ఇనుప ఖనిజం, సున్నపురాయి, ముగ్గురాయి, అన్నిటికీ అంకెలున్నయి. యురేనియం దగ్గరికొచ్చేసరికి గడి ఖాళీ. 1962 నాటి అణుశక్తి చట్టం ఈ సమాచారాన్ని దాచిపెట్టే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అంతర్జాతీయ పట్టికల్లో మన దేశం పేరు ఎదుట కనబడేది కూడా అంచనా అంకే. 1967 నుంచి జాదుగూడలో ఆదివాసుల ఊళ్ల నడుమ తవ్వుతున్నా సంగతి ఇదే. ఎంత తవ్విన్రో చెప్పని చోట, తవ్వినంక నీళ్లు ఏమైనయో చెప్పమని అడగటం మరింత కష్టం. ఈ వ్యాసంలో మేము ఆ నీళ్ల లెక్క గురించే మాట్లాడదలిచాం. దాన్ని చేవెళ్ల, మొయినాబాద్ నుంచి మొదలుపెడుతున్నాం.

అక్కడ యురేనియం గని లేదు గదా అంటారు. లేదు. కానీ నీళ్లను కాపాడటమంటే ప్రభుత్వానికి ఏమిటో అక్కడ కాగితం మీద ఉంది.

1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచినంక, నిజాం ప్రభుత్వం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) కట్టించింది. జనం గండిపేట అనేది ఉస్మాన్‌సాగర్‌నే. అనంతగిరి కొండల మీద పడ్డ వాన చేవెళ్ల, మొయినాబాద్ పొలాల మీదుగా దిగి పట్నం గొంతు తడిపింది. ఊరి చెరువు తూము ఎత్తి, మడిమడికీ నీళ్లు పంచిన నీరటి చాలా ఊళ్లల్ల మాల మాదిగ ఇంటివాడే. పంచింది అతను, పండింది దొర పొలం. ఈ ప్రాంతపు నీళ్ల చరిత్ర రాసినవాళ్లు ఇంజనీర్ల పేర్లు రాసిన్రు, నీరటిని మరిచిన్రు.

1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె నుంచి సరుకులు తీసే ఫ్యాక్టరీ ఒకటి పెట్టబోతే, కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999లోనూ 2000లోనూ ఇచ్చిన తీర్పుల్లో కోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని పట్టుకుంది. హాని జరుగుతుందని జనం నిరూపించనక్కర్లేదు, జరగదని నిరూపించే బరువు ఫ్యాక్టరీదే. మంచి మాట. ఆముదం నూనె దగ్గరే ఇంత జాగ్రత్త.

ఇట్లా అన్నందుకు 111 జీవోను మేము పొగుడుతున్నామనుకోవద్దు. లావుణి పట్టా భూమిని 1977 చట్టం ప్రకారం దళితుడు అమ్మరాదు, జీవో ప్రకారం కాలనీ కట్టరాదు. అదే మొయినాబాద్‌లో ఫాంహౌజుల గోడలు మాత్రం లేస్తూనే వచ్చినయి. చట్టం ఎవరి గేటు ముందు ఆగిందో అక్కడి పిల్లలు కూడా చెబుతరు.

ఇప్పుడు అదే రాష్ట్రం, దాదాపు అదే కాలం. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ జలాశయం అంచున లంబాపూర్, పెద్దగట్టు. కొండ మీద లంబాడీ తండాలు. వాళ్ల కాళ్ల కింద యురేనియం ఉందని చెప్పింది అణు ఖనిజ సంస్థ. దాని ప్రధాన కార్యాలయం ఉన్నది హైదరాబాద్ బేగంపేటలో. తవ్వి తీసిన యురేనియం ఇంధనంగా మారేది కూడా హైదరాబాద్‌లోనే, 1971లో పెట్టిన అణు ఇంధన సముదాయంలో. వెతికేది పట్నం, వండేది పట్నం. తవ్వకం, తవ్వినంక మిగిలే బురద మాత్రం తండాకు.

2003 ఆగస్టులో బహిరంగ విచారణ జరిగితే తండాల జనం, హక్కుల సంఘాలు గట్టిగా వ్యతిరేకించిన్రు. శుద్ధి కర్మాగారం మొదట మల్లాపూర్ దగ్గర అన్నరు. దానికి దగ్గర్లోనే అక్కంపల్లి జలాశయం ఉంది. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు అక్కడి నుంచే పోవాలి. అభ్యంతరం వచ్చింది. కర్మాగారాన్ని దేవరకొండ వైపు శేరిపల్లికి జరిపిన్రు.

ఈ జరపటం దగ్గర మేము కొంచెం ఆగుతాం. మల్లాపూర్‌లో ప్రమాదమైనది శేరిపల్లిలో ఎందుకు కాదు? శేరిపల్లి జనం కూడా నీళ్లే తాగుతరు. ఉద్యమంలో ఉన్న మన మిత్రులు కూడా, పత్రికలను కదిలించటానికి, 'హైదరాబాద్ తాగే నీళ్లు విషమైతయి' అన్న మాటనే ముందుపెట్టిన్రు. ఆ మాట అబద్ధం కాదు. దానికి బలం ఉందనీ తెలుసు. కానీ తండా బావి ఒక్కటే చెడిపోతదంటే ఆ బలం రాలేదన్నది కూడా అందులోనే ఉంది. లంబాపూర్‌లో తవ్వకం మొదలు కాలేదు, అది గెలుపే. ఎవరి దాహం పేరు మీద గెలిచామన్నది మనం మనలో మనం అడుక్కోవలసిన ప్రశ్న.

పట్నం దాహం అడ్డురాని చోట ఏమైందో కడప జిల్లాలో చూడొచ్చు. పులివెందుల దగ్గర తుమ్మలపల్లి గనికి 2007లో శంకుస్థాపన చేసిన్రు, 2012లో పని మొదలైంది. రోజుకు 3000 టన్నుల ఖనిజం దాని సామర్థ్యం. 300 రోజులు నడిస్తే ఏడాదికి తొమ్మిది లక్షల టన్నులు. అక్కడి రాయి నాసి రకం. టన్ను రాయిలో యురేనియం అర కిలో కూడా ఉండదు. మిగిలిందంతా రసాయనాలు కలిసిన బురదై చెరువులోకి పోతది. మేము వార్షిక ఉత్పత్తి అనేది ఈ బురదనే. యురేనియం గడి ఖాళీగా ఉంచినా దీన్ని దాచలేరు, ఊరి పక్కనే ఉంటది. బోరు నీళ్లు చెడిపోయినయి, అరటి తోటలు ఎండుతున్నయి, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నయి అని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదులు చేసిన్రు. మా వల్ల కాదన్నది కంపెనీ. మరి ముందుజాగ్రత్త సూత్రం ఎటుపోయింది? పెద్దషాపూర్‌లో ఫ్యాక్టరీ నెత్తిన పెట్టిన రుజువు బరువు ఇక్కడ అరటి రైతు నెత్తికెక్కింది.

2019 మేలో నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనన్నది. అక్కడ ఉండేది చెంచులు. ఊరూరా జనం రోడ్డెక్కిన్రు, సినిమావాళ్లు కూడా మాట్లాడిన్రు. సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అప్పటి ప్రచారంలో పులి బొమ్మ, అడవి బొమ్మ, కృష్ణ బొమ్మ చాలాసార్లు కనబడ్డయి. చెంచు మనిషి అంతగా కనబడలేదు.

2022 ఏప్రిల్‌లో 69వ జీవో వచ్చి 84 గ్రామాల మీద ఆంక్షలను ఎత్తేసింది. చెరువులను కాపాడుతామని రాస్తూనే అది చూపిన కారణం ఒక అంకె. ఒకప్పుడు పట్నం నీళ్లలో నాలుగో వంతు పైన ఇచ్చిన ఈ చెరువుల వాటా ఇప్పుడు 1.25 శాతం కంటే తక్కువ. పట్నానికి కృష్ణా, గోదావరి వచ్చినయి, ఇక మూసీ, ఈసీ నీళ్లతో అంత పని లేదు. మొయినాబాద్, చేవెళ్లలో బోరు వేసుకొని తోటకూర, టమాట పండించే లావుణి పట్టా రైతుకు ఆ నీళ్లతో ఎంత పని ఉందో ఆ శాతంలో లేదు. అది కూడా ఖాళీ గడే.