గోడలలోని మట్టి గొట్టాలు

గోల్కొండ కోటకు వెళ్లినవారి కంటబడి కూడా మనసుకు పట్టని వస్తువు ఒకటి ఉంది. శిథిలమైన మహళ్ల గోడలలో గచ్చు ఊడిపోయిన చోట్ల కాల్చిన మట్టి గొట్టాలు బయటపడి కనిపిస్తాయి. కొన్ని పైకి పోతాయి. కొన్ని గోడ వెంట సాగి రాతికట్టులో మాయమవుతాయి. పైకప్పులు కూలాయి, గదులు పోయాయి. గొట్టం ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరేదో చెప్పే ఆనవాళ్లు తెగిపోయాయి. కనుక వీటిని గురించి ఊహలు పుట్టడం సహజం.

కోట ముఖద్వారపు గోపురం కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలాహిసార్‌లో వినిపిస్తుందని అందరికీ తెలుసు. ఆ వింత చూసిన మనిషి పక్క గోడలో గొట్టాన్ని చూసి, ఇది మాటను మోసే సాధనమేమో అనుకుంటాడు. మరొకడు ఇది గాలి కోసం పెట్టినదంటాడు. ఇంకొకడు పైకప్పు మీది వాన నీటిని దించే తూము అంటాడు. మూడూ బుద్ధికి విరుద్ధమైన మాటలు కావు. అయితే సాధ్యమైనదంతా జరిగినది కాదు. మన హదీసు పండితులు ఒక ఉల్లేఖనాన్ని పరీక్షించేటప్పుడు రెండు మార్గాలు పాటించారు: చెప్పినవారి పరంపరను చూడడం రివాయత్, చెప్పిన విషయాన్ని వివేకంతో తూచడం దిరాయత్. మూగ కట్టడాన్ని పరిశీలించడానికి కూడా ఈ పద్ధతి చక్కగా పనికివస్తుంది.

ముందుగా గొట్టాన్నే సాక్ష్యం అడుగుదాం. మాట మోసే గొట్టమైతే రెండు చివరలూ మనిషి నోటికీ చెవికీ అందే ఎత్తులో ఉండాలి. గాలి గొట్టమైతే అతుకుల దగ్గర అంత కట్టుదిట్టం అవసరం లేదు. కొంచెం గాలి పోయినా నష్టం లేదు. వాన తూమైతే కప్పు దగ్గర మొదలై తిన్నగా నేలకు దిగాలి. ఒక మట్టి గొట్టం మూతి మరొక దానిలో ఇమిడేటట్లు చేసి, అతుకును సున్నంతో మూసి, మొత్తాన్ని గోడ మధ్య గచ్చులో పొదిగారంటే, లోపల పారేది ఒక్క చుక్క కూడా బయటికి రాకూడదన్నదే దాని ఉద్దేశం. అది నీటి గొట్టం.

గొట్టానికి అటూ ఇటూ ఉన్నవి ఈ మాటనే బలపరుస్తాయి. గోల్కొండలో నీటిని రహట్లతో, అంటే పశువులు తిప్పే కుండల చక్రాలతో, అంచెలంచెలుగా పైకి తోడేవారు. ఆ నీరు వేర్వేరు ఎత్తులలో కట్టిన తొట్లలో నిలిచేది. అక్కడి నుంచి తన బరువుతో తానే దిగి, ఈ గొట్టాల ద్వారా మహళ్లకు, తోటలకు, ఫౌంటెన్లకు చేరేది. సుమారు 400 అడుగుల ఎత్తున్న రాతి గుట్ట మీద కాపురం చేయాలంటే ఇంతకంటే ముఖ్యమైన ఏర్పాటు మరొకటి ఉండదు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా లోపలివారు నిలబడగలిగారంటే, గోడల బలంతో పాటు గోడల లోపలి నీటిని కూడా లెక్కించాలి.

గోల్కొండ గొట్టాలు ఎండిపోయాయి కనుక వాటి పని ఊహించుకోవాలి. పారే నీటితో ఇదే విద్యను ప్రత్యక్షంగా చూపిన కట్టడం ఔరంగాబాదులో ఉంది. 2023 నుంచి ఆ నగరం పేరు ఛత్రపతి శంభాజీనగర్. అక్కడ హజ్రత్ బాబా షా ముసాఫిర్ (రహ్మతుల్లాహి అలైహి) దర్గా ఆవరణలో పన్‌చక్కీ, అనగా నీటి తిరగలి, ఉంది. ఆయన బుఖారా ప్రాంతం నుంచి వచ్చిన నఖ్ష్‌బందీ సూఫీ. 17వ శతాబ్ది చివర మొదలై 18వ శతాబ్ది తొలి సగంలో ఈ కట్టడాలు రూపుదిద్దుకున్నాయి. కొన్ని మైళ్ల దూరాన, కొండల వైపు ఉన్న ఊట నీటిని మట్టి గొట్టాలలో భూమి కిందుగా తెచ్చి, ఇక్కడ ఒక ఎత్తైన గోడ లోపలి నుంచి పైకి ఎక్కించారు. గోడ నెత్తి నుంచి నీరు ధారగా హౌజులోకి దూకుతుంది. కొత్తగా చూసేవారికి గోడ తనంతట తానే నీరు కక్కుతున్నట్లు తోస్తుంది.

ఇందులో కరామత్ లేదు. మూసిన గొట్టంలో నీరు తాను బయలుదేరిన ఎత్తుకు మించకుండా ఎంతవరకైనా తిరిగి పైకి లేస్తుంది. ఊట స్థానం గోడ నెత్తి కంటే ఎత్తున ఉంది, అంతే. గోడను అంత ఎత్తు కట్టడానికి కారణం, కింద తిరగలి చక్రాన్ని తిప్పే బలం నీటికి రావడం. హౌజు అడుగే కింది విశాలమైన గదికి కప్పు. పైన నీరు నిలిచి ఉండడం వల్ల ఆ గది వేసవిలో కూడా చల్లగా ఉంటుంది. ఒక్క నీటితో పిండి, చల్లదనం, వుజూ, కంటికి ఆనందం అన్నీ సమకూరాయి.

అయితే మట్టి గొట్టానికి ఒక బలహీనత ఉంది. పది మీటర్ల ఎత్తు నీరు ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు మోపుతుంది. కొండల నుంచి దిగివచ్చే నీటి ఒత్తిడికి మట్టి గొట్టం పగిలిపోవాలి. దీనికి విరుగుడు బీజాపూరులో కనిపిస్తుంది. ఆ ఊరి పేరు 2014 నుంచి విజయపుర. మొహమ్మద్ ఆదిల్ షా కాలంలో, 1651లో, బేగం తాలాబ్ నిర్మించి, రాతికట్టులో పొదిగిన మట్టి గొట్టాలతో నీటిని నగరంలోకి తెచ్చారు. దారిలో అక్కడక్కడ 25 నుంచి 40 అడుగుల ఎత్తున చతురస్రపు బురుజులు కట్టారు. వాటిని గంజ్‌లు అంటారు. కాపలా బురుజులనుకుందామంటే, కోట గోడకు దూరంగా ఊరి మధ్య ఎందుకున్నాయన్న ప్రశ్న వస్తుంది. నిజానికి నీరు ఈ బురుజులోకి ఎక్కి, గాలి తగిలి, ఒత్తిడి తగ్గించుకుని మళ్లీ దిగేది. తెచ్చిన ఒండ్రు అడుగున పేరుకునేది. గొట్టం పగలకుండా, పూడిపోకుండా ఒకే కట్టడం కాపాడింది.

ఇప్పుడు చార్మినార్ మాట. 1666–67లో మన దేశంలో తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఒక విచిత్రమైన సంగతి రాశాడు. ఆ కట్టడపు వరండాలు నీటిని పైకెక్కించడానికి ఉపయోగపడేవనీ, అలా ఎక్కిన నీరు రాజమందిరంలోని అతి ఎత్తైన గదులకు చేరేదనీ ఆయన కథనం. మన దృష్టిలో ఇది ఖబరె వాహిద్, ఒక్క సాక్షి మాట. కట్టడాన్ని ఆయన కళ్లతో చూశాడు. దాని ప్రయోజనాన్ని ఇతరులు చెప్పగా విని ఉంటాడు. కనుక దీన్నిబట్టి 1591లో చార్మినార్‌ను నీటి బురుజుగానే కట్టారని అనడం సాహసం. పై అంతస్తులో మస్జిదు ఉండనే ఉంది. కానీ గోల్కొండ గొట్టాలను, బీజాపూరు బురుజులను చూసిన తర్వాత తెవెనో మాటను కట్టుకథ అని తోసివేయలేము. దక్కనులో ఎత్తైన కట్టడానికి నీటితో సంబంధం ఉండడం వింత కాదు.

ఈ విద్య అంతా ముస్లింలే కనిపెట్టారని చెప్పుకోవడం సత్యం కాదు. రోమనులు గొట్టాలతో నగరాలకు నీరిచ్చారు. మన పెద్దలు ఆ జ్ఞానాన్ని స్వీకరించి, పరీక్షించి, గ్రంథాలలో పెట్టి ముందుకు అందించారు. 11వ శతాబ్ది ఆరంభంలో అల్ కరజీ భూగర్భ జలాన్ని కనుగొని బయటికి తెచ్చే విధానం మీద, మట్టం చూసే పరికరాల మీద అరబీలో ఒక గ్రంథం రాశాడు. దాని పేరు ఇన్‌బాతుల్ మియాహిల్ ఖఫియ్యా. ఆ గ్రంథాన్ని హిజ్రీ 1359లో అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే. గొట్టాలు మన గోడలలో ఉన్నాయి, వాటి శాస్త్రం మన ఊరి అచ్చులో ఉంది. రెండింటినీ కలిపి చదివేవారే కొరత.

గొట్టం ఏమిటో తెలిసిన తర్వాత అడగవలసిన ప్రశ్న మరొకటి మిగులుతుంది: ఇది ఎవరి గడపలో ముగిసింది? గోల్కొండ గొట్టం మహలు తోటలో, ఫౌంటెన్‌లో ముగిసింది. రహట్టు దగ్గర పశువులను తోలినవాడి ఇంటికి అది రాలేదు. అతని ఇంటికి నీరు కుండలోనే వచ్చింది. పన్‌చక్కీ గొట్టం ఫకీర్లకు, బాటసారులకు పిండి విసిరే తిరగలి దగ్గర ముగిసింది. పనితనం రెండు చోట్లా ఒకటే. పుణ్యం ఒకటే అనగలమా? హజ్రత్ ఉస్మాన్ (రజియల్లాహు అన్హు) మదీనాలో రూమా బావిని కొన్నది తన తోట కోసం కాదు, అందరూ తాగడానికి. మన చరిత్రలో నీటి కట్టడాలను తూచడానికి ఆ బావి ఒక కొలబద్ద.

పాత మస్జిదులలో, దర్గాలలో, ఆషూర్‌ఖానాలలో మరమ్మతులు జరిగేటప్పుడు ఇలాంటి గొట్టాలు బయటపడవచ్చు. పనికిరాని రంధ్రమని సిమెంటు కూరకముందు ముతవల్లీలు మూడు పనులు చేయాలి. గొట్టం లోపల సున్నపు పొర కట్టిందేమో చూడాలి. ఏళ్ల తరబడి నీరు పారిన గుర్తు అది. రెండు చివరలూ ఎటు పోతున్నాయో వీలైనంత దూరం వెతకాలి. ఫోటో తీయించి, కొలతలతో వక్ఫు రికార్డులో రాసిపెట్టాలి. దాని మరో చివర ఒక పూడిన బావో, మరచిపోయిన హౌజో, ఎవరూ చూసుకోని వక్ఫు భూమో ఉండవచ్చు. పూర్వులను మాంత్రికులుగా చెప్పుకోవడం కంటే, వారు నీటిని ఎలా నడిపించారో తెలుసుకోవడమే వారికి మనం చేయగల గౌరవం. సిమెంటు పడ్డ తర్వాత ఆ అవకాశం మిగలదు.