మరిగే రాయి, మన మెట్ట నీళ్లు



ఏ కర్ర గరిటెకు, ఏ కర్ర దువ్వెనకు పనికొస్తుందో చేత్తో పట్టుకుని చెప్పేసే కారీగర్లున్న ఊరు మన ఉదయగిరి. కర్రకున్నట్టే రాయికీ ఒక మిజాజ్ ఉంటుంది. అది తెలియకుండా వాడితే నుక్సాన్ మనకే. జియోలైట్ తారీఖ్ చెప్పే సంగతి ఇదే.

1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త క్రోన్‌స్టెట్ ఒక రాయిని మంటలో కాలిస్తే, అది లోపలి నీటిని వదులుతూ బుసబుసా పొంగింది. అందుకే గ్రీకు మాటలు కలిపి ‘మరిగే రాయి’ అని అర్థం వచ్చేలా జియోలైట్ అని పేరు పెట్టాడు. అగ్నిపర్వతాల బూడిదతో, లావాతో క్షార జలం కలిసిన చోట ఇది పుడుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ లావాలో, పుణె, నాసిక్ వైపు క్వారీల్లో ఖూబ్‌సూరత్ స్ఫటికాలుగా దొరుకుతుంది. ఉదయగిరి, ఆత్మకూరు పక్క నేల ఆ లావా కాదు, దానికంటే ఎంతో పాతది. అందుకే నెల్లూరు జిల్లాకు జియోలైట్ సంచుల్లోనే వచ్చింది, కోస్తాలో రొయ్యల గుంటల అమ్మోనియా తగ్గించడానికి.

ఈ రాతి నిండా కంటికి కనపడని గదులు. గోడలకు రుణావేశం, గదుల్లో ధనావేశం ఉన్న సోడియం వంటివి. గట్టినీళ్లు పోస్తే కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతుంది, నీళ్లు మెత్తబడతాయి. సబ్బు పొడుల్లో దీన్ని కలిపేది ఇందుకే. 2021లో కరోనా రోగులకు ఊపిరినిచ్చిన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లలోనూ ఇదే ఉంది. గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఉంచి ఆక్సిజన్‌ను ముందుకు పంపుతుంది.

మరి మన మెట్ట ప్రాంతపు అసలు ముసీబత్, ఫ్లోరైడ్? 1937లోనే షార్ట్ అనే డాక్టరు, ఆయన సాథీలు అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని వైద్య పత్రికలో రాశారు. మన దేశంలో ఈ బీమారీ గురించి వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. ఫ్లోరైడ్‌ది రుణావేశం, జియోలైట్ గోడలదీ రుణావేశమే. కాబట్టి మామూలు జియోలైట్ దాన్ని పట్టదు. నీళ్లు మెత్తబడ్డాయి, సబ్బు నురగ బాగా వస్తోంది కదా అని తాగడానికి భరోసా పెట్టుకోకూడదు.

కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. దాన్ని తగ్గించడానికి పటిక, సున్నంతో చేసే నల్గొండ పద్ధతి వేరే ఉంది, ఆర్ఓ ఉంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండటం మేలు. వేరే దారి లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

అందుకే అమ్మీలకు, బాజీలకు నా గుజారిష్: ఫిల్టరు కొనేముందు బోరు నీళ్లు పరీక్ష చేయించండి. బచ్చాల పళ్ల మీద తెల్లని చారలో, గోధుమ మచ్చలో కనిపిస్తే ఆలస్యం అసలే వద్దు. రాయి తన పని తాను చేస్తుంది. ఏ పనికి ఏ రాయి అన్న ఇల్మ్ మనకుండాలి.